పాత బోటు కొనేముందు ఇంజను ఎట్లా చూడాలి: శ్రీశైలం, గండికోట నీళ్ల దగ్గరివాళ్లకు సమగ్ర మార్గదర్శి

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ముచ్చుమర్రి, ఆత్మకూరు వైపు, ఇటు గండికోట, మైలవరం దగ్గర పాత బోటు బేరానికి వచ్చిందంటే చాలు, కొనేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇంజను మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది?" బోటు సంగతి కంటికి కనబడుతుంది. ఫైబర్ పగిలితే అతుకు వేయించుకోవచ్చు. వెనక తగిలించిన అవుట్‌బోర్డ్ ఇంజను అట్లా కాదు. పెయింట్ వేస్తే పదిహేనేళ్లదీ కొత్తదానిలా మెరుస్తుంది. లోపల పోయిందంటే బోటు ధరకు మించి ఖర్చవుతుంది.

కింద రాసినవన్నీ చేయడానికి ఒక పూట పడుతుంది. వరుస మార్చకండి. కొన్ని పరీక్షలు ఇంజను స్టార్ట్ చేయకముందే చేయాలి, ఒకసారి తిప్పాక వాటికి అర్థం ఉండదు.

1. మొదటి ప్రశ్న: ఏ నీళ్లలో తిరిగింది?

ఏ సంవత్సరం మోడల్, ఎన్ని హార్స్‌పవర్ అని తర్వాత అడగండి. ముందు ఇది అడగండి. లోపం ఎక్కడ వెతకాలో ఈ జవాబే చెబుతుంది.

మన సీమలో అమ్మకానికి వచ్చే ఇంజన్లు రెండు రకాలు. కొన్ని కోస్తాలో సముద్రం మీద తిరిగి ఇక్కడికి వచ్చినవి. వాటికి చేటు ఉప్పుతో. ఇంజనును చల్లార్చే నీళ్లు పోయే సన్నని దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది, అల్యూమినియం తినేసి ఉంటుంది, బోల్టులు పట్టేసి ఉంటాయి. వీటిని పైభాగంలో, అంటే సిలిండర్ హెడ్డు చుట్టూ గట్టిగా చూడాలి.

రెండో రకం ఇక్కడి రిజర్వాయర్లలోనే తిరిగినవి. ఉప్పు బాధ లేదు. కానీ వరద వచ్చినప్పుడు ఎర్రటి బురద నీళ్లలో నడిచి ఉంటాయి. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో, మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు, బండలు నీటి మట్టానికి కాస్త కిందనే ఉంటాయి. వాటికి తగిలి ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటును నెట్టే ప్రొపెల్లర్), షాఫ్ట్, గేరుబాక్సు దెబ్బ తిని ఉంటాయి. వీటిని కింది భాగంలో గట్టిగా చూడాలి.

అమ్మేవాళ్లు "ఇది మంచినీళ్ల ఇంజనే" అని చెబితే సరిపోదు. ఇంజనుకు, బిగించే బ్రాకెట్‌కు బూడిదరంగు జింకు దిమ్మలు ఉంటాయి. తుప్పు అసలు లోహాన్ని వదిలి వాటిని తినడానికే వాటిని పెడతారు. మంచినీళ్లలో తిరిగిన ఇంజనుకు ఆ దిమ్మ చాలావరకు అట్లనే ఉంటుంది. సగం తినేసి ఉంటే ఉప్పునీళ్లలో తిరిగినట్టే, కనీసం దిమ్మ తన పని తాను చేసింది. దిమ్మ కొత్తగా మెరుస్తూ, దాని పక్కనున్న లోహం గుంతలు గుంతలుగా ఉంటే మాత్రం, అమ్మేముందు మార్చారని అర్థం.

2. పోకముందు ఫోన్‌లో తేల్చుకోవాల్సినవి

- టూ-స్ట్రోకా, ఫోర్-స్ట్రోకా? పెట్రోలా, కిరోసినా?
- మోడల్ నంబరు. బ్రాకెట్ మీద ఉండే ప్లేటును ఫొటో తీసి పంపమనండి. ప్లేటు ఊడిపోయింది, నంబరు అరిగిపోయింది అంటే అనుమానించాల్సిందే.
- షాఫ్ట్ పొడవు. పొట్టిది 15 అంగుళాలు, పొడవుది 20 అంగుళాలు ఉంటుంది. మీ బోటు వెనక పలక ఎత్తుకు ఇది సరిపోవాలి. బోటు, ఇంజను వేర్వేరు చోట్ల కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.
- చివరిసారి ఎప్పుడు నడిచింది?

మోడల్ నంబరు చేతికి రాగానే విడిభాగాలు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి ఇంపెల్లర్ (చల్లార్చే నీళ్లను తోడే రబ్బరు చక్రం), హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ రింగులు దొరుకుతాయా అని అడగండి. మన వైపు ఈ సామాను ఎక్కువగా కోస్తా నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి. సామాను దొరకని మోడల్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

కిరోసిన్ ఇంజనైతే ఇంకొక మాట. అది పెట్రోలుతో స్టార్ట్ అయి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుతుంది. మీ ఊళ్లో కిరోసిన్ మామూలుగా దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

చివరగా ఇది తప్పకుండా చెప్పండి: "అన్నా, మేం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దు. రాత్రి నిలువుగా స్టాండు మీద పెట్టి ఉంచు."

3. వెంట తీసుకుపోవాల్సినవి

- కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్ లోపల ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచేది. బైకు మెకానిక్ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి. ప్లగ్గు మరకు సరిపోయే అడాప్టర్ ఉందో లేదో చూసుకోండి.
- ప్లగ్గు పానా, రెండు కొత్త ప్లగ్గులు
- వెడల్పాటి స్క్రూడ్రైవర్, గేరాయిల్ స్క్రూకు కొత్త వాషర్లు
- తెల్ల గుడ్డ, తెల్ల ప్లాస్టిక్ గిన్నె
- టార్చిలైటు, చిన్న అయస్కాంతం
- శుభ్రమైన డబ్బాలో తాజా పెట్రోలు. టూ-స్ట్రోక్‌కైతే అప్పుడే ఆయిల్ కలిపింది (కొలత 7లో ఉంది)
- లైఫ్ జాకెట్లు, తెడ్డు, తాడు
- ఇంజను తెలిసిన మనిషి ఒకరు. లేకపోతే బేరంతో సంబంధం లేని బైకు మెకానిక్ అయినా మేలే.

4. మూత తీసి చూడటం

ముందు చేయి పెట్టి చూడండి. ఇంజను వెచ్చగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయించే ఇంజన్లనే అట్లా ముందుగా వేడి చేసి పెడతారు. అట్లాంటప్పుడు అది పూర్తిగా చల్లారేదాకా ఆగండి, లేదా మరుసటి రోజు రండి.

టార్చి వేసి ఇవి చూడండి:

- సిలిండర్ హెడ్డు మీద పెయింట్ మాడిందా, పొక్కులు లేచిందా? ఎప్పుడో బాగా వేడెక్కిందని అర్థం.
- హెడ్ గ్యాస్కెట్ అంచు వెంట, బోల్టుల చుట్టూ తెల్లటి పొడి ఉందా? ఉప్పునీళ్లు కారిన గుర్తు అది.
- బోల్టు తలలు నలిగాయా? విప్పి బిగించారన్నమాట. విప్పడం తప్పు కాదు. ఎందుకు విప్పారో చెప్పకపోవడమే తప్పు.
- వైర్లకు టేపు చుట్టి అతుకులు వేశారా? కాయిల్ వైర్లు పగిలాయా?
- మూత లోపల బురద గీత ఉందా? ఉంటే ఇంజను ఒకసారి పూర్తిగా నీళ్లలో మునిగింది. అది కొనకండి.

లోపల ఇంజనంతా కొత్త పెయింట్ వేసి, బోల్టుల మీద, వైర్ల మీద కూడా పెయింట్ పడి ఉంటే రేటు సగం తగ్గించి ఆలోచించండి. నూనె మరకలతో, దుమ్ముతో ఉన్న ఇంజనే నాకు నయం. అందులో ఏది ఎక్కడ కారిందో కనిపిస్తుంది.

5. గేరాయిల్: స్టార్ట్ చేయకముందే చూడాలి

చాలామంది ఇది చేయరు. నన్నడిగితే మొత్తం పరీక్షలో ఇదే ముఖ్యం.

ఇంజనును నిలువుగా నిలబెట్టండి. ఫ్యానుకు ముందున్న గేరుబాక్సు పక్కన రెండు స్క్రూలుంటాయి, ఒకటి పైన, ఒకటి కింద. పైది ముట్టుకోవద్దు. కింది స్క్రూ కింద తెల్ల గిన్నె పెట్టి నెమ్మదిగా వదులు చేయండి. పై స్క్రూ మూసే ఉంది కాబట్టి ఆయిల్ ధారగా రాదు, బొట్లు బొట్లుగా వస్తుంది.

ఆ మొదటి బొట్లను చూడండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు. రాత్రంతా కదలకుండా నిలబెడితే గేరుబాక్సులోకి చేరిన నీళ్లు అడుగుకు దిగుతాయి. అందుకే సీలు (నీళ్లు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) పోయిన ఇంజనులో ముందు రెండు మూడు బొట్లు పచ్చి నీళ్లే వస్తాయి, ఆ తర్వాతే ఆయిల్ వస్తుంది. అదే ఇంజనును అప్పటికే నడిపి ఉంటే నీళ్లూ ఆయిలూ కలిసి మజ్జిగలా తెల్లగా వస్తుంది.

- తేనె రంగులో, లేదా కాస్త నల్లగా, చిక్కగా ఉంటే: మంచిది.
- తెల్లగా, పాలు కలిసినట్టు ఉంటే: సీళ్లు పోయాయి. ఈమధ్యే మొదలైతే సీళ్లు మార్చి సరిచేయొచ్చు. చాన్నాళ్లుగా నీళ్లు ఉంటే బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి.
- నల్లగా, మాడిన వాసన వస్తే: ఆయిల్ తక్కువై నడిచింది.
- అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి అంటితే పర్వాలేదు. చేతికి గుచ్చుకునే ముక్కలు వస్తే గేరు పళ్లు విరిగాయి, లేచి వచ్చేయండి.
- కొత్త బంగారు రంగు ఆయిల్ ఉంటే: నిన్ననే మార్చారు, అంటే ఇక్కడ గుర్తు ఏదీ దొరకదు. నీళ్లలో నడిపాక మళ్లీ చూడండి.

ఒక జాగ్రత్త. గేరాయిల్ స్క్రూకు సాధారణంగా వెడల్పాటి ఒకే గాటు ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో దాని పక్కనే నక్షత్రం గాటు ఉన్న స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే పరికరానికి సంబంధించిన పిన్ను. దాన్ని విప్పితే గేరుబాక్సు తెరవాల్సి వస్తుంది. గేరాయిల్ స్క్రూ తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయండి, పాత వాషర్ వల్ల కూడా నీళ్లు చేరతాయి.

6. ఫ్యాను, షాఫ్ట్, కింది రెక్క

ప్లగ్గు వైర్లు తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఫ్యానును చేత్తో తిప్పండి. వెనక నుంచి షాఫ్ట్ కొన మీదే కన్ను పెట్టండి. అది గుండ్రంగా ఊగితే షాఫ్ట్ వంగింది. వంగిన షాఫ్ట్ సీలును తినేస్తుంది, ఆ తర్వాత కథ గేరాయిల్‌లో కనిపిస్తుంది.

వీలైతే ఫ్యాను ఊడదీసి దాని వెనక చూడండి. మన రిజర్వాయర్లలో నైలాన్ వల దారం అక్కడ చుట్టుకుని ఉండటం మామూలే. ఆ దారం సీలును కోస్తుంది. ఫ్యాను రెక్కల అంచులు కాస్త నలిగితే పెద్ద సంగతి కాదు. కానీ కింది రెక్క, అంటే గేరుబాక్సు అడుగున నిలువుగా ఉండే రెక్క, విరిగి వెల్డింగు చేయించి ఉంటే గేరుబాక్సు ఎంత గట్టిగా తగిలిందో అడగండి.

7. చల్లని ఇంజనును స్టార్ట్ చేయడం, చల్లార్చే నీళ్లు చూడటం

నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయనివ్వకండి. లోపల నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్‌కు ఆ నీళ్లే కందెన, పొడిగా తిప్పితే దాని రెక్కలు మాడిపోతాయి.

రిజర్వాయర్‌లో కుదరకపోతే 200 లీటర్ల డ్రమ్ము చాలు. నీళ్లు ఫ్యాను పైన ఉండే అడ్డ పలక మునిగేదాకా ఉండాలి. ఫ్యాను ఊడదీసి, ఆరుబయట, న్యూట్రల్‌లోనే నడపాలి. డ్రమ్ములోని నీళ్లు త్వరగా వేడెక్కుతాయి కాబట్టి పది నిమిషాలు దాటనివ్వకండి.

మీరు తెచ్చిన పెట్రోలే వాడండి. పాత టూ-స్ట్రోక్‌లలో ఎక్కువవాటికి 50:1 కలపాలి, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్ల ఆయిల్. కొన్ని పాతవాటికి 25:1 కావాలి, మోడల్ పుస్తకంలో చూసుకోండి. బైకు టూటీ ఆయిల్ కాదు, నీళ్లతో చల్లారే బోటింజన్ల కోసం వచ్చే టీసీ-డబ్ల్యూ3 రకం వాడాలి.

చోక్ వేసి తాడు లాగండి. మంచి ఇంజను నాలుగైదు లాగులకు అందుకుంటుంది. చాన్నాళ్లు నిలిచిపోయినదైతే కాస్త ఎక్కువ పట్టొచ్చు. మొదట్లో నీలం పొగ టూ-స్ట్రోక్‌కు మామూలే, వేడెక్కాక తగ్గాలి.

ఇంజను పక్కన చిన్న రంధ్రం నుంచి నీళ్లు సన్నని ధారగా చిమ్మాలి. చూడాల్సింది ఇదే:

- ధార నిలకడగా, గట్టిగా ఉంటే మంచిది. వేగం పెంచితే అదీ పెరగాలి.
- ధార అసలు రాకపోతే వెంటనే ఆపేయండి. రంధ్రంలో సన్నని తీగ పెట్టి తిప్పండి. బురద, కందిరీగ గూడు అడ్డం పడటం తరచూ జరిగేదే. అయినా రాకపోతే ఇంపెల్లర్ పోయింది.
- కొత్త ఇంపెల్లర్ వేసినా ధార సన్నగానే ఉంటే, కోస్తా ఇంజనైతే లోపలి దారులు ఉప్పుతో పూడాయి. హెడ్డు విప్పాలి. పట్టేసిన బోల్టులు విప్పేటప్పుడు విరగొచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక్కడే ఇంకో రెండు పనులు చేయండి. ఇంజను నడుస్తుండగా కిల్‌స్విచ్ (ఇంజనును అప్పటికప్పుడు ఆపే స్విచ్) ఎర్రతాడు లాగండి, ఇంజను వెంటనే ఆగాలి. ఆపాక గేరులో పెట్టి స్టార్ట్ చేయబోండి, కాకూడదు. ఈ రెండూ పనిచేయకపోతే బాగుచేయించేదాకా నీళ్లలోకి పోవద్దు. నడిపే మనిషి బోటు నుంచి పడితే ఇంజను ఆగిపోయి ఫ్యాను తగలకుండా కాపాడేది ఆ ఎర్రతాడే.

8. కంప్రెషన్ చూడటం

ఇంజను వేడిగా ఉన్నప్పుడే చేయాలి, కాబట్టి డ్రమ్ములో నడిపిన వెంటనే చేయండి.

ప్లగ్గులన్నీ తీసి, ఏ సిలిండర్‌ది ఆ వరుసలోనే గుడ్డ మీద పెట్టండి. ప్లగ్గు వైర్లను ఇంజను లోహానికి ఆనించండి, కిల్‌స్విచ్ తాడు తీసేయండి. గేజ్‌ను మొదటి సిలిండర్‌లో బిగించండి. కార్బరేటర్ రెక్కను పూర్తిగా తెరిచి పట్టుకుని తాడు లాగండి. మొదటి లాగుకు ముల్లు సగం లేస్తుంది, రెండోదానికి ఇంకాస్త, తర్వాత కదలదు. ఐదారు లాగులు లాగి ఎక్కడ ఆగిందో రాసుకోండి. ప్రతి సిలిండర్‌కూ అన్నే లాగులు.

చిన్న పెట్రోలు టూ-స్ట్రోక్‌లలో సుమారుగా 90 నుంచి 130 పీఎస్ఐ మధ్య కనిపిస్తుంది. కిరోసిన్ ఇంజన్లు తక్కువ కంప్రెషన్‌తోనే తయారవుతాయి, కాబట్టి వాటిని ఈ అంకెతో కొలవకండి. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతం లోపు ఉండాలి. రెండూ 95 ఉన్న ఇంజను కొంటాను. ఒకటి 120, ఇంకొకటి 85 ఉన్నది కొనను.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి, బోరు పని చేయించాలి. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, పిస్టన్‌కు దెబ్బ తగిలి ఉండొచ్చు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తక్కువ చూపిస్తే ముందు గ్యాస్కెట్‌ను అనుమానించండి. సిలిండర్ ఒకటే ఉంటే పోల్చడానికి ఏమీ ఉండదు, మోడల్ పుస్తకంలో ఇచ్చిన అంకెతోనే చూడాలి.

గుడ్డ మీద పెట్టిన ప్లగ్గులను చదవండి. లేత గోధుమరంగు బాగున్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ పోతోంది. ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నాయి. తెల్లబడి వెండి చుక్కలు అంటి ఉంటే పిస్టన్ కరుగుతోంది.

ఫోర్-స్ట్రోక్‌కు దీనితో పాటు ఆయిల్ కర్ర తీసి చూడండి. ఆయిల్ తెల్లగా ఉన్నా, పెట్రోలు వాసనతో మట్టం పైకి వచ్చినా లోపం ఉన్నట్టే.

9. పెట్రోలు లైను

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత ఇంజన్ల రబ్బరు పైపులు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. పైపును వంచి చూడండి, పగుళ్లుంటే మార్చాలి. చేత్తో పిసికే రబ్బరు బల్బు నాలుగైదు సార్లకు గట్టిపడి, అట్లనే నిలవాలి. ఇవి పోయాయని ఇంజనును వదులుకోకండి, తక్కువ ఖర్చుతో అయ్యే పనులే ఇవి. బేరంలో మాత్రం చెప్పండి.

10. నీళ్లలో నడిపి చూడటం

డ్రమ్ములో బాగా నడిచింది కదా అని డబ్బు ఇచ్చేయకండి. బరువు పడినప్పుడే గేరు సంగతి తెలుస్తుంది. ఇద్దరు మనుషులతో, ఒడ్డుకు దగ్గరగా, అరగంట నడపండి.

1. ముందుకు, న్యూట్రల్, వెనక్కి. గేరు పడేటప్పుడు ఒక్క టక్కుమనే చప్పుడు రావాలి, గరగర రాకూడదు.
2. సగం వేగం మీద ఐదు నిమిషాలు. గేరు దానంతటదే జారిపోతే లోపలి పళ్లు అరిగాయి.
3. పూర్తి వేగం. ఇంజను అరుపు పెరిగి బోటు కదలకపోతే, ఫ్యాను మధ్యలోని రబ్బరు బుష్ జారుతోంది. ఇది చిన్న ఖర్చే. ముందే ఫ్యాను మధ్య నుంచి రెక్క దాకా నీళ్లకు చెరగని మార్కరుతో ఒక గీత గీసి పెట్టుకుంటే, తిరిగి వచ్చాక గీత రెండు ముక్కలై ఉంటే బుష్ జారినట్టు తేలుతుంది.
4. వెనక పలకను గమనించండి. ఇంజను లాగుతుంటే పలక ఊగిందా? ఒడ్డుకు వచ్చాక ఇంజను కింది రెక్క పట్టి పైకీ కిందికీ ఆడించండి. పలక కదిలితే లోపలి చెక్క కుళ్లింది.
5. ఇంజను ఆపి పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా అందుకుని, వేడిగా మొరాయించే ఇంజన్లుంటాయి. అక్కడ కరెంటు భాగాలు, ముఖ్యంగా కాయిల్, వేడికి పనిచేయడం మానేస్తాయి.

గేరాయిల్ కొత్తగా ఉన్నదైతే ఇప్పుడు మళ్లీ రెండు బొట్లు తీసి చూడండి.

11. తరచూ జరిగే పొరపాట్లు

*హార్స్‌పవర్ ఎక్కువైతే మంచిదనుకోవడం.* చిన్న బోటుకు బరువైన ఇంజను తగిలిస్తే వెనక పలక దిగుతుంది, నీళ్లు లోపలికి వస్తాయి.

*అమ్మేవాళ్ల మెకానిక్ మాట నమ్మడం.* "ఏం కాదబ్బీ, కండిషన్లో ఉండాది" అనే మాట నిజమే కావచ్చు. కంప్రెషన్ గేజ్ కూడా అదే చెప్పాలి, అంతే.

*వరద రోజుల్లో హడావుడిగా కొనడం.* రిజర్వాయర్ నిండేటప్పుడు బోట్లకు గిరాకీ ఎక్కువ, రేట్లూ ఎక్కువే. వేసవిలో బేరమాడితే తగ్గిస్తారు, తీరుబడిగా చూడనిస్తారు.

*కాగితాలు తర్వాత చూద్దాంలే అనుకోవడం.* ఇంజను మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే కావాలి. యంత్రంతో నడిచే బోట్లకు ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి. చేపల వేటకైతే మత్స్యశాఖ లైసెన్సు వేరే. మీ బోటుకు ఏవి వర్తిస్తాయో కొనకముందే ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అమ్మేవాళ్ల సంతకంతో అమ్మకం కాగితం రాయించుకోండి, అందులో ఇంజను నంబరు తప్పక ఉండాలి.

12. ఎక్కడ వదిలేయాలి, ఎక్కడ బేరమాడాలి

వదిలేయాల్సినవి: సిలిండర్ల మధ్య పెద్ద తేడా, గేరాయిల్‌లో లోహపు ముక్కలు, మునిగిన గుర్తు, నంబరు లేని ప్లేటు, సామాను దొరకని మోడల్.

బేరమాడాల్సినవి: ఇంపెల్లర్, పైపులు, బల్బు, ప్లగ్గులు, ఫ్యాను బుష్, ఈమధ్యే తెల్లబడిన గేరాయిల్. వీటి ధరలు ముందే కనుక్కుని, మెకానిక్ కూలి కలిపి ఒక కాగితం మీద రాసి చూపండి. నోటి మాటకంటే కాగితం మీది లెక్కకు అమ్మేవాళ్లు త్వరగా దిగుతారు.

13. కొన్న తర్వాత మొదటి వారం

ఇంపెల్లర్ ఎట్లా ఉన్నా కొత్తది వేయండి. మన బురద నీళ్లలో దాని రెక్కలు త్వరగా అరుగుతాయి, వరద కాలంలో తిప్పేవాళ్లు ఏడాదికోసారి మార్చడం మేలు. గేరాయిల్ మొత్తం తీసి కొత్తది పోయండి. పోసేది పై రంధ్రం నుంచి కాదు, కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలో ఆయిల్ కనిపించేదాకా. పైనుంచి పోస్తే గాలి బుడగ ఉండిపోయి గేర్లు సగం పొడిగా తిరుగుతాయి.

కోస్తా నుంచి వచ్చిన ఇంజనైతే మంచినీళ్ల డ్రమ్ములో రెండు మూడు రోజులు, రోజుకో పది నిమిషాలు, ప్రతిసారీ నీళ్లు మార్చి నడపండి. లోపలి ఉప్పు కొంతైనా కరుగుతుంది. జింకు దిమ్మలు సగానికి అరిగి ఉంటే మార్చేయండి.

మొదటి రెండు మూడు సార్లు ఒడ్డు వదిలి దూరం పోవద్దు. తెడ్డు, రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, చిన్న ఇంజనైతే ఫ్యానులో వేసే పిన్నులు బోటులోనే ఉంచండి. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సాయంత్రం గాలి లేస్తే అలలు పెద్దవవుతాయి, ఇంజను ఆగితే తెడ్డుతో ఒడ్డు చేరడం కష్టం. అందుకని ఈ మొదటి రోజుల్లో పొద్దున్నే బయల్దేరి, గాలి లేవకముందే ఒడ్డుకు రండి.